విష్ణుపురిలో ఉన్నది మెడికల్ కాలేజీ ఒక్కటే కాదు

నాందేడ్‌లో, దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు తెలుగు ఇళ్లలో బయాలజీ తీసుకున్న పిల్లను చుట్టాలు అడిగే ప్రశ్న ఒక్కటే: నీట్‌లో ఎంతొచ్చింది? రాకపోతే లాతూర్‌లోనో ఇక్కడేనో ‘రిపీటర్ బ్యాచ్’. 2024లో ఆ పరీక్ష రాసినవారు 23 లక్షల పైచిలుకు. ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.1 లక్షలు, మామూలు కుటుంబం ఫీజు కట్టగలిగే ప్రభుత్వ సీట్లు అందులో దాదాపు సగం. ఈ లెక్క తెలిసి కూడా మూడో ఏడు బ్యాచ్‌లో కూర్చోబెట్టే తల్లిదండ్రులు బిడ్డ భవిష్యత్తుకు పెట్టుబడి పెడుతున్నామనే అనుకుంటారు. ఇరవయ్యేళ్లొచ్చినా చేతిలో డిగ్రీ లేక, నలుగురిలోకి రావడానికి మొహమాటపడే పిల్లలను ఆ పెట్టుబడే తయారుచేస్తోంది.

విచిత్రం ఏమిటంటే, బయాలజీ పిల్లలకు మరో దారి చూపగల మూడు సంస్థలు ఇదే ఊళ్లో, ఒకే చోట ఉన్నాయి. గోదావరి పక్కన విష్ణుపురిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడే 1981లో మొదలైన గురు గోవింద్‌సింగ్‌జీ ఇంజినీరింగ్ కాలేజీ, 1994లో ఏర్పడిన స్వామి రామానంద తీర్థ విశ్వవిద్యాలయం కూడా ఉన్నాయి. రోగుల రికార్డులు, కంప్యూటర్లు, జీవశాస్త్రం. ఈ మూడింటినీ కలిపి వైద్య పరిశోధన చేసే విద్యనే బయోఇన్ఫర్మాటిక్స్, క్లినికల్ డేటా సైన్స్ అంటున్నారు.

దాని ఉపయోగం తెలియడానికి తెలుగు ఉదాహరణే ఉంది. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా నిమిషాల్లో తగ్గిపోతుంది. వైశ్య కుటుంబాల్లో కొందరికి గంటలు గడిచినా తగ్గదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ వాళ్ల ఒంట్లో లోపించడమే కారణం. 2017లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు ‘నేచర్ జెనెటిక్స్’లో రాసిన పరిశోధన, తరతరాలుగా ఒకే సమూహంలో జరిగే పెళ్లిళ్లకూ ఇలాంటి అరుదైన జబ్బులకూ ఉన్న ముడిని దక్షిణాసియా అంతటా పరిశీలించింది. అందులో వైశ్యులదే ముఖ్యమైన ఉదాహరణ. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టరు చూసినదీ, కంప్యూటర్‌లో జన్యుక్రమం చెప్పినదీ ఒక్కచోట చేరితేనే ఇలాంటివి పూర్తిగా అర్థమవుతాయి.

డేటా దొరకదన్న సాకు కూడా చెల్లదు. 2015లో పూర్తయిన ‘1000 జీనోమ్స్’ ప్రాజెక్టులోని 2,504 మందిలో 102 మంది బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లే. ఆ జన్యుక్రమాలను నాందేడ్‌లో కూర్చుని పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు. అయితే ఆ 102 మందిలో ఎవరికి షుగరుందో, ఎవరికి గుండెజబ్బుందో అందులో ఉండదు. జన్యువులకు రోగుల వివరాలు జతచేయడమే అసలు కష్టం. పదివేలమంది భారతీయుల జన్యుక్రమాలను సేకరించిన ‘జీనోమ్ ఇండియా’ రక్తపరీక్షల వివరాలనూ తీసుకుంది. ఫరీదాబాద్‌లో దాచిన ఆ సమాచారాన్ని 2025 జనవరి నుంచి పరిశోధకులు దరఖాస్తు చేసి పొందవచ్చు.

ఈ పనిలో మెరుపులు తక్కువ. ఒకే రోగి పేరు ఓపీ చీటీలో ఒకలా, ల్యాబ్ రిపోర్టులో మరోలా ఉంటుంది. ఒక ల్యాబ్ హిమోగ్లోబిన్‌ను 12.5 అని రాస్తే, ఇంకో ల్యాబ్ కొలత మార్చి 125 అంటుంది. రెండూ ఒకటేనని గుర్తుపట్టని కుర్రాడు రాసే ప్రోగ్రామ్ ఎంత గొప్పదైనా తప్పే చెబుతుంది. రోజులో సగం ఇలాంటి దిద్దుబాటుకే పోతుంది. ఓపిక లేనివాళ్లకు ఇది నప్పదు.

నీట్ మోజు తగ్గిన ఇళ్లలోకి ఇప్పుడు ఇంకో మోజు వస్తోంది: ఆరు నెలల్లో ‘హెల్త్‌కేర్ ఏఐ’, ఉద్యోగం గ్యారంటీ! ఇలాంటి ప్రకటనను నమ్మి అప్పు చేయకండి. స్టాటిస్టిక్స్ రానివాళ్ల ఏఐ సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు కూడా దాటదు. విద్యార్థే డబ్బు కట్టి చేసే ఇంటర్న్‌షిప్పులు, ఫీజు తీసుకుని పరిశోధనా పత్రంలో పేరు చేర్చే బేరాలు ఇంకా హానికరం. పరిశోధనా పత్రంలో పేరును ఏ మంచి ప్రయోగశాలా అమ్మదు.

డిగ్రీలోనే లక్షలు పోసి ప్రైవేటు బయోఇన్ఫర్మాటిక్స్ బీటెక్‌లో చేర్చడం కన్నా, దగ్గరి కాలేజీలో గట్టి బీఎస్సీ చేయించడం మేలు. ఆ మూడేళ్లలో స్టాటిస్టిక్స్, పైథాన్, ఆర్, లైనక్స్ నేర్చుకోవచ్చు. సాఫ్ట్‌వేరంతా ఉచితమే. జీవశాస్త్రం, ఫార్మసీ, ఇంజినీరింగ్, వైద్యం చదివినవాళ్లు గ్యాట్-బి, గేట్ లేదా విశ్వవిద్యాలయాల సొంత పరీక్షలతో పీజీకి వెళ్లవచ్చు. పుణె విశ్వవిద్యాలయంలో 1987 నుంచి బయోఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఉంది. నాందేడ్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. పరిశోధన చేయాలనుకునేవారికి అక్కడ సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. ఎమ్మెస్సీ అవగానే పెద్ద జీతం మాత్రం ఆశించకూడదు. మొదట్లో వచ్చేవి ఎక్కువగా ఏడాదికోసారి పొడిగించే ప్రాజెక్టు ఉద్యోగాలు, పై మెట్టుకు పీహెచ్‌డీ కావాలి.

మహారాష్ట్ర బోర్డులో పదకొండో తరగతిలో గణితం, బయాలజీ రెండూ కలిపి తీసుకునే వీలుంది. “నీట్‌కు లెక్కలెందుకు” అని ట్యూషన్ సార్ చెప్పినా సరే, ఈసారి అడ్మిషన్ ఫారంలో గణితం కొట్టేయకండి.