నీరు తొలగినప్పుడు

పఠనీయ భాగము: యోబు 12:7–15

తాపీ నది సముద్రమును చేరుచోట, సూరత్ పట్టణమునకు పడమరగా, పాటు సమయమున విశాలమైన బురదనేల బయటపడును. ఆ బురదపై జానెడుకంటె చిన్నవైన చేపలు ప్రాకుచు, గంతులు వేయుచు మేయుచుండును. గుజరాతీయులు వీటిని లెవ్టా అందురు. పట్టి అంగళ్లలో అమ్ముదురు. అవి మొప్పల గదులలో కొంత నీరు నిలుపుకొని, తడి చర్మము ద్వారాను నోటి లోపలి పొర ద్వారాను గాలిని గ్రహించుచు, మరల పోటు వచ్చువరకు గడుపును. మరమగ్గముల పనికై తెలంగాణ జిల్లాలనుండి సూరత్‌కు వలసవచ్చిన కుటుంబములవారికి ఇది బొత్తిగా క్రొత్త వింత కాదు. ఎండిన చెరువు బురదలో ప్రాణముతో దొరకు కొరమీనును వారెరుగుదురు. అయినను ఈ రెంటికిని ఊపిరితిత్తులు లేవు. నిజముగా ఊపిరితిత్తులు గల చేప వేరొకటి యున్నది.

సముద్రపు చేపలు బోధించునని యోబు పలికినది సుఖదినములలో కాదు. సమస్తమును పోగొట్టుకొని, ఆదరింపవచ్చిన స్నేహితుల ఉపన్యాసములకు విసిగిన వేళ ఆ మాట పలికెను. దేవుడు జలములను ఆపగా అవి ఎండిపోవుననియు ఆ అధ్యాయములోనే చెప్పెను. చేపను గూర్చియు, ఎండిన నీటిని గూర్చియు ఒక్కచోటనే పలికిన యోబు మాటలను చదువువారు ఆఫ్రికాలోని ఊపిరితిత్తుల చేపను తెలిసికొనుట మంచిది.

ఈ చేప పెద్దదైన తరువాత దాని మొప్పలు చాలవు. నీటిపైకి వచ్చి గాలి పీల్చనియ్యనియెడల నీటిలోనే ఊపిరాడక చచ్చును. ఎండకాలమున నీరు ఇంకిపోవుచుండగా అది నోటితో బురదను తొలుచుకొనుచు లోపలికి దిగి, తోక తలపైకి వచ్చునట్లు ముడుచుకొనును. దాని ఒంటినుండి స్రవించిన జిగురు ఎండి, తోలుకాగితమువంటి గూడగును. గాలికై నోటియొద్ద మాత్రము చిన్న రంధ్రముండును. సాధారణముగా కొన్ని నెలలే. కాని ప్రయోగశాలలలో కొన్ని సంవత్సరములు ఇట్లు బ్రదికినవి కలవు.

ప్రసంగములలో ఈ చేప హాయిగా నిద్రించుచున్నదని చెప్పుట కలదు. అది సరికాదు. అమెరికా శరీరశాస్త్రజ్ఞుడైన హోమర్ స్మిత్ 1930లో ప్రకటించిన పరిశోధనలను చూచినవారు ఆ మాట అనజాలరు. గుండె నెమ్మదించును, ప్రాణవాయువు వాడకము తగ్గును. అయితే మేత లేనందున చేప తన కండనే కరిగించుకొని బ్రదుకును. బయటికి పోవలసిన మలినము విషము కాకుండ యూరియాగా మార్చబడి ఒంటిలోనే నిలువయుండును. 2020 లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గములు ఆగినప్పుడు, దాచుకొన్నది తినుచు దినములు లెక్కించిన కుటుంబములకు ఈ సంగతి వివరింపనక్కరలేదు. వాన కురిసి నీరు గూటిలోనికి దిగి గాలిదారి మూసినప్పుడు, ఊపిరాడకయే ఆ చేప మేల్కొనును. దానిని మేల్కొలుపు నీరు మొదట దానిని ఉక్కిరిబిక్కిరి చేయును.

ఈ జాతి చేపలు నేడు ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా ఖండములలో మాత్రమే కలవు. ఒకప్పుడు తెలుగునేలను కూడ ఉండెను. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మలేరియొద్ద ఎఱ్ఱమన్ను శిలలలో వీటి దంతములు దొరకినవి. శాస్త్రజ్ఞుల లెక్కలో వాటి వయస్సు 20 కోట్ల సంవత్సరములకు పైబడినది. సెరటోడస్ అను పేరుగల ఈ చేపల దంతములను భారత భూగర్భ సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వర్ణించి, ఒకదానికి హిస్లాప్ పేరును, మరియొకదానికి హంటర్ పేరును పెట్టెను. స్టీఫెన్ హిస్లాప్, రాబర్ట్ హంటర్ ఇరువురును స్కాట్లాండు ఫ్రీ చర్చి మిషనెరీలు. నాగపూరులో సువార్త ప్రకటించుచు, పాఠశాల నడుపుచు, తీరిక వేళలలో శిలలను శోధించినవారు. దైవసేవకునికి రాళ్లతో పనియేమని ఆక్షేపించువారికి ఆ పాఠశాలయు ఆ దంతములును చాలును.

సెరటోడస్ అప్పటికి శిలలలోని దంతములవలననే తెలిసినది. బ్రదికియున్నదానిని ఏ శాస్త్రజ్ఞుడును ఎరుగడు. 1863 సెప్టెంబరులో హిస్లాప్ గుఱ్ఱముపై వాగు దాటుచు వరదలో మునిగి మరణించెను. 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నదులలో దొరకిన ఒక పెద్ద చేపను సిడ్నీలో గెరార్డ్ క్రెఫ్ట్ పరిశీలించెను. నోరు తెరచి చూడగా, దానిలో సెరటోడస్ దంతములుండెను.