బరువు ట్రక్కు తగిలించిన ట్రాక్టరుకు ముందు దీపములను సరిచేయు విధము

వరి కోతల రోజులలోను, చెఱకు తోలు రోజులలోను ట్రాక్టరు పని ప్రొద్దు క్రుంకుటతో ఆగదు. కాటా దగ్గర వరుసలో నిలిచి, చీకటి పడిన తరువాత ఇల్లు చేరు బండ్లు ఎన్నో కలవు. డెల్టా ప్రాంతములో కాలువ గట్టు రోడ్లు ఇరుకు. ఒక ప్రక్క నీరు, వేరొక ప్రక్క పల్లపు చేలు. అట్టి చోట మీ దీపము ఎదుటివాని కండ్లలో పడినచో, అతడు కొన్ని క్షణములు దారి కానకయే బండి నడుపును. ఆ క్షణములలో అతని మోటారు సైకిలు కాలువలోనికో, మీ ట్రక్కు చక్రముల క్రిందికో పోవచ్చును.

మా దీపములు సరిగానే ఉన్నవని చాలమంది అనుకొందురు. కాని ఖాళీ ట్రాక్టరుకు సరిగా ఉన్న దీపము, బరువు తగిలించిన తరువాత సరిగా ఉండదు. కనుక దీపములను బరువుతోనే సరిచేయవలెను.

బరువుతో వెలుగు ఏల లేచును?

రెండు చక్రముల ట్రక్కు తన బరువులో కొంత భాగమును ట్రాక్టరు హుక్కుపై మోపును. హుక్కు వెనుక ఇరుసుకు వెనుకగా ఉండుటచే వెనుక టైర్లు అణగును. ముందు భాగము తేలికపడి లేచును. ఇరుసుల నడుమ దూరము 2 మీటర్లు అనుకొందము. వెనుక 3 సెం.మీ. అణగి, ముందు 1 సెం.మీ. లేచినచో తేడా 4 సెం.మీ. అనగా వెలుగు మీటరుకు 2 సెం.మీ. చొప్పున పైకి లేచును. 25 మీటర్ల దూరమున ఇది అర మీటరగును. నేలపై పడవలసిన వెలుగు ఎదుటివాని ముఖముపై పడును. నాలుగు చక్రముల ట్రక్కు హుక్కుపై మోపు బరువు తక్కువ. అయినను పరీక్ష మానరాదు.

ముందుగా చూచుకొనవలసినవి

1. పొలము పనికి టైర్లలో గాలి తగ్గించి ఉన్నచో, రోడ్డు పనికి తగినంత నింపవలెను.

2. అద్దముపై బురదను కడుగవలెను. అద్దము పగిలినను, లోపలి మెరుగు నల్లబడినను ఆ దీపమును మార్చవలెను.

3. హాలోజెన్ బల్బు తన గాడిలో సరిగా కూర్చొనవలెను. దాని గాజును వ్రేళ్లతో తాకరాదు. హాలోజెన్ దీపములో బజారు ఎల్‌ఈడీ బల్బు పెట్టినచో వెలుగు చెదరి నలుదిక్కుల పడవచ్చును. ఎంత సరిచేసినను కుదరదు.

సరిచేయు విధము

ట్రక్కులో మీరు రోజూ వేయు బరువు వేయవలెను. చదునైన నేలపై, గోడౌను గోడకు ఎదురుగా, దీపములకు గోడకు నడుమ 7.5 మీటర్లు ఉండునట్లు బండిని తిన్నగా నిలుపవలెను. డ్రైవరు సీటులో కూర్చుండవలెను.

1. నేలనుండి దీపము నడిమి వరకు ఎత్తు కొలిచి, అదే ఎత్తున గోడపై సుద్దతో అడ్డగీత గీయుడు. దానికి 15 సెం.మీ. క్రింద రెండవ అడ్డగీత గీయుడు.

2. బానెట్టు వెంట చూపు పట్టి గోడపై నడిమి గుర్తు పెట్టుడు. దానికి ఇరువైపుల, దీపముల నడుమ దూరములో సగము చొప్పున కొలిచి రెండు నిలువు గీతలు గీయుడు.

3. క్రిందికి వంచిన వెలుగు, అనగా డిప్పు వేయుడు. ఒక దీపమునకు అట్ట అడ్డుపెట్టి రెండవదానిని చూడుడు. హాలోజెన్ దీపము మిక్కిలి వేడెక్కును. గోనె సంచి కప్పరాదు.

4. వెలుగు పై అంచు రెండవ అడ్డగీతను తాకువరకు మరలను త్రిప్పుడు. కొన్ని దీపములలో ఆ అంచు ఎడమ ప్రక్క పైకి వాలి ఉండును. మనము ఎడమ ప్రక్కన నడుచువారము గనుక అది సరియే. ఆ వంపు నిలువు గీతపై ఉండవలెను, కుడికి జరుగరాదు.

5. మరలు బిగించిన తరువాత మరల చూడుడు. బిగింపులో దీపము కదలవచ్చును.

కంపెనీ పుస్తకములో వేరు కొలత ఉన్నచో దానినే పాటింపుడు.

ఇట్లు చేసిన దీపము 1 మీటరు ఎత్తున ఉన్నచో, వెలుగు 50 మీటర్ల వద్ద నేలను తాకును. గంటకు 25 కి.మీ. వేగమున సెకనుకు దాదాపు 7 మీటర్లు పోదుము. అనగా మీకు 7 సెకనుల వ్యవధి దొరకును. ఖాళీగా వచ్చునపుడు వెలుగు ఇంకను దగ్గరగా పడును. అందుకు తగినట్లు వేగము తగ్గింపుడు.

చివరి పరీక్ష

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 106వ నియమము దీనికి కొలత చెప్పినది. దీపమునకు 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు ప్రక్కగా, నేలకు 1.5 మీటర్ల ఎత్తున కన్ను ఉన్న మనిషికి వెలుగు మిరుమిట్లు గొలుపరాదు. ఒకరిని అక్కడ నిలిపి అడుగుడు. ఎదుట బండి కనబడగానే డిప్పు వేయనిచో ఈ శ్రమయంతయు వ్యర్థము.

వెనుక దున్నకపు దీపము

రాత్రి దుక్కికి వాడు వెనుక తెల్లదీపమును రోడ్డుపై ఆర్పవలెను. వెనుక వచ్చువాడు దానిని చూచి ఎదురు బండి అని భ్రమపడును. ట్రక్కు వెనుక ఎర్రదీపములు, ఎర్ర మెరుపు పట్టీలు తప్పక ఉండవలెను.

సీజను మొదట ఒకమారు, టైర్లు గాని బల్బులు గాని మార్చినపుడు ఒకమారు, బరువు రకము మారినపుడు ఒకమారు ఈ పరీక్ష చేయుడు. సుద్దముక్క, టేపు, ఒక గోడ ఉన్న చాలును. ఎదురుగా వచ్చువాడు మీ ఊరివాడే కావచ్చును.