తీర ప్లానింగ్‌లో కెరీర్: సముద్రాన్ని కొలవడం వస్తే చాలదు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు పదివేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను నేరుగా తాకినా రాష్ట్రంలో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. రెండు తుపాన్ల తీరు ఒకటి కాకపోయినా, ఈ తేడాలో ముందస్తు హెచ్చరికలకు, షెల్టర్లకు, జనాన్ని తరలించే యంత్రాంగానికి పెద్ద వాటా ఉంది. అయితే ఏటా కొంచెం కొంచెంగా తీరాన్ని కోసుకుపోయే సముద్రానికి సైరన్ ఉండదు. రోడ్డు ఎంత ఎత్తున వేయాలి, కాలనీకి స్థలం ఎక్కడ ఇవ్వాలి, మత్స్యకారుల ఊరిని మార్చాల్సివస్తే వేటకు దూరం కాకుండా ఎటు మార్చాలి అన్నవి చాలా ఏళ్ల ముందే తేల్చుకోవాలి. అందుకే ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థి సముద్రాన్ని కొలవడంతో పాటు, ఆ కొలతను నేల మీద నిర్ణయంగా మార్చడం కూడా నేర్చుకోవాలి.

ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం 1901-2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. 1971 వరకు ఏడాదికి 1.3 మిల్లీమీటర్లుగా ఉన్న వేగం 2006-2018 మధ్య 3.7కు చేరింది. దీనికి స్థానిక కారణాలు తోడవుతాయి. ఎగువ డ్యాముల్లో ఒండ్రు నిలిచిపోవడంతో కృష్ణా, గోదావరి డెల్టాలకు కొత్త మట్టి చేరడం తగ్గింది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్లు, రోడ్డు కోతకు గురవుతూనే ఉన్నాయి. అక్కడ ఇసుక నింపిన భారీ సంచుల్లాంటి జియోట్యూబులతో కట్టిన రక్షణ గోడ కూడా అలల ధాటికి దెబ్బతింది. ఇక చట్టం సంగతి. 2019 కోస్టల్ రెగ్యులేషన్ జోన్ (సీఆర్‌జడ్) నోటిఫికేషన్, తీరంలో ముప్పు హద్దును చూపే హజార్డ్ లైన్‌ను విపత్తు ప్రణాళికకు సాధనంగా వాడమంటుందే తప్ప దాన్ని నిర్మాణాల నియంత్రణ రేఖగా మార్చలేదు. ఆ గీత మ్యాపులో ఉన్నా, దాన్ని మాస్టర్ ప్లాన్‌లోకి తెచ్చే మనిషి లేకపోతే ఫలితం ఉండదు.

ఆ మనిషి కావడానికి దారి ఒకటే కాదు. మ్యాథ్స్‌తో ఇంటర్ చదివినవారు జేఈఈ మెయిన్ పేపర్-2బి రాసి విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ) వంటి సంస్థల్లో బి.ప్లానింగ్‌లో చేరవచ్చు. సైన్స్ డిగ్రీ ఉన్నవారికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. సివిల్ ఇంజినీర్లు గేట్ ద్వారా మద్రాస్ ఐఐటీలో ఓషన్ ఇంజినీరింగ్ ఎంటెక్‌కు ప్రయత్నించవచ్చు. ఏది ఎంచుకున్నా ఒక విద్యలో లోతు ఉండాలి, మ్యాపులపై సమాచారాన్ని విశ్లేషించే జీఐఎస్ తప్పనిసరిగా రావాలి, సీఆర్‌జడ్ నిబంధనలు చదివి అర్థం చేసుకోగలగాలి. మ్యాపుల పనిలో చేయి తిరగడానికి క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మత్స్యకార గ్రామాల్లో కూర్చుని మాట్లాడగలగడం కూడా అర్హతే. తెలుగు బాగా వచ్చినవారికి ఇక్కడ అదనపు బలం ఉంది.

ఉద్యోగాలు ఎన్ని ఉంటాయన్నది న్యాయమైన ప్రశ్న. ‘తీర ప్రణాళికాధికారి’ పేరుతోనే నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్), చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం వంటి చోట్ల శాశ్వత పోస్టులు తక్కువ, ప్రాజెక్టు ఉద్యోగాలకు గడువు ఉంటుంది. కానీ పని వేర్వేరు పేర్లతో ఉంది: టౌన్ ప్లానింగ్, విపత్తు నిర్వహణ, పోర్టులు, పర్యావరణ ప్రభావ అంచనాలు చేసే కన్సల్టెన్సీలు. తీరానికే పరిమితం కాని ప్లానింగ్, జీఐఎస్ నైపుణ్యం ఉంటే ఒక తలుపు మూసినా మరొకటి తట్టవచ్చు. ఇక, సముద్రానికి అడ్డుగా గోడ కడితే సరిపోతుంది, ప్లానర్ ఎందుకు అనేవారూ ఉన్నారు. కొన్నిచోట్ల గోడ అవసరమే. కానీ ఒకచోట రాళ్లు పోస్తే కోత పక్క ఊరికి జరగవచ్చు. ఎక్కడ కట్టాలి, ఎక్కడ మడ అడవి పెంచాలి, ఎక్కడ వెనక్కి తగ్గాలి అన్నది తీరం మొత్తాన్ని చూసి తేల్చాలి.

కాబట్టి కోర్సు ఎంచుకునేటప్పుడు పేరులో ‘క్లైమేట్’ ఉందా అని కాదు, సిలబస్‌లో జీఐఎస్, ఫీల్డ్ వర్క్, భూవినియోగ ప్రణాళిక ఉన్నాయా అని చూడండి. ఆ మూడూ లేని సర్టిఫికెట్ మీద డబ్బు పెట్టకండి.