మంట తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

ప్రశ్న: ఏళ్లుగా ఉన్న గుండెల్లో మంట దానంతటదే తగ్గింది. అయినా ఎండోస్కోపీ అవసరమా?

జవాబు: అవసరం కావచ్చు, డాక్టర్‌ను అడగండి. అన్నవాహిక లోపలి పొర యాసిడ్‌ను తట్టుకోలేదు. ఏళ్ల తరబడి పుల్లటి ద్రవం ఎగదన్నుతుంటే కొందరిలో ఆ పొర కణాల చోట, పేగుల్లో ఉండే తరహా, జిగురు స్రవించే కణాలు పుట్టుకొస్తాయి. ఇదే బారెట్స్ ఈసోఫేగస్. ఎండోస్కోపీలో లేత గులాబీ పొర మీద ఎర్రటి నాలుకల్లా కనిపిస్తుంది. కొత్త పొర యాసిడ్‌కు ఓర్చుకుంటుంది కాబట్టి మంట తగ్గొచ్చు. అంచేత మంట లేకపోవడం ఒక్కటే భరోసా కాదు. క్యాన్సరేమోనని బెంబేలు పడక్కర్లేదు, కణాల్లో డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కు ముందు వచ్చే అసాధారణ మార్పు) లేకపోతే ఆ ముప్పు ఏడాదికి అర శాతం లోపే. అలాగని మాత్రలతో సరిపెట్టుకుందామంటే, అవి యాసిడ్‌ను తగ్గిస్తాయి గానీ మారిన పొరను సాధారణంగా మునుపటిలా చేయలేవు. బయాప్సీలో బారెట్స్ తేలితే, డిస్‌ప్లేసియా లేకున్నా 3 నుంచి 5 ఏళ్లకోసారి మళ్లీ చూపించుకోవాలి. ముద్ద అడ్డుపడుతున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా మాత్రం వెంటనే వెళ్లండి.