పంచాయతీ ప్రచార వాహనమునకు బ్యాటరీ: ఎన్నిక, అమరిక

తుపాను వచ్చిన రాత్రి గ్రామమునకు మొదట దూరమగునది విద్యుచ్ఛక్తి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమువద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస సమీపమున తీరము దాటినపుడు కరెంటు స్తంభములు విరివిగా నేలకొరిగినవి, సెల్‌ఫోనులు మూగవోయినవి. అట్టి వేళ వాడవాడకు హెచ్చరిక చేర్చగలది వాహనముపై కట్టిన మైకు ఒక్కటే. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగముగా లౌడ్‌స్పీకరు వాడరాదని 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనలు శాసించుచున్నను, ప్రజలకు ఆపద కలిగిన సమయమున మినహాయింపు కలదు.

కావున పంచాయతీవారు మైకు సెట్టు కొనునపుడు స్పీకరు ఎంత పెద్దదని మాత్రమే చూడక, దానిని నడుపు బ్యాటరీ ఎన్ని గంటలు నిలుచునని ముందుగా విచారింపవలెనని మా సూచన.

ఎట్టి బ్యాటరీ కావలెను?

వాహనమును స్టార్టు చేయు బ్యాటరీలో సీసపు పలకలు పలుచగా నుండును. అది కొద్ది క్షణములపాటు అధికమైన విద్యుత్తు నిచ్చుటకు తయారైనది. దానితో గంటల తరబడి మైకు నడిపినచో పలకలు త్వరలో చెడును. పైగా బండి స్టార్టు కాక నడివీధిలో నిలిచిపోవును. ఇన్వర్టరులకు వాడు ట్యూబులర్ బ్యాటరీ నిదానముగా, ఎక్కువసేపు విద్యుత్తు నిచ్చును. మైకునకు ఇట్టిదానిని వేరుగా అమర్చుట మేలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తేలికైనది, ఎక్కువకాలము మన్నునది; కాని దానికి వెల హెచ్చు, తగిన చార్జరు వేరుగా కావలెను. దానిని సీసపు బ్యాటరీతో నేరుగా జతపరుపరాదు.

ఎంత సామర్థ్యము?

లెక్క సులభము. ఆంప్లిఫయరు 12 వోల్టులవద్ద 8 ఆంపియరులు తీసికొనుననుకొందము. మూడు గంటలు ప్రచారము చేయుటకు 24 ఆంపియరు-గంటలు కావలెను. సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడుట దాని ఆయువునకు మంచిది కాదు గనుక 48 ఆంపియరు-గంటలు అవసరము. బ్యాటరీ పాతబడిన కొలది శక్తి తగ్గును. కనుక 60 ఆంపియరు-గంటలది కొనుట ఉచితము.

రెండు బ్యాటరీలు కలుపవలసి వచ్చినచో జాగ్రత్త వహింపవలెను. ఒకదాని ప్లస్సును రెండవదాని మైనస్సునకు కలిపినచో వోల్టులు 24 అగును. 12 వోల్టుల ఆంప్లిఫయరు కాలిపోవును. ప్లస్సును ప్లస్సునకు, మైనస్సును మైనస్సునకు కలిపినచో వోల్టులు 12గానే యుండి, నిలుచు కాలము రెట్టింపగును. రెండును ఒకే రకము, ఒకే సామర్థ్యము, ఒకే వయస్సు గలవై యుండవలెను.

తీగలు, ఫ్యూజు

సన్నని తీగ విద్యుత్తును త్రోవలోనే మ్రింగివేయును. బ్యాటరీ ఆంప్లిఫయరునకు 5 మీటర్ల దూరమున నున్నచో రాకపోకలకు తీగ 10 మీటర్లగును. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 8 ఆంపియరులు ప్రవహించినచో సుమారు ఒక వోల్టు నష్టమగును. 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో నష్టము పావు వోల్టు మాత్రమే. బ్యాటరీ ప్లస్సునకు మూరెడు దూరములోపలనే 15 ఆంపియరుల ఫ్యూజు అమర్చవలెను. తీగ ఒరసికొని బండి ఇనుమునకు తగిలినను ఫ్యూజు కాలి వాహనము దక్కును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానమున రాగిపోగు చుట్టుట అగ్నిని ఆహ్వానించుటయే.

బండి నడుచునపుడు రెండవ బ్యాటరీ చార్జి అగుటకును, బండి ఆగినపుడు మైకు మొదటి బ్యాటరీని తోడివేయకుండుటకును రెంటి నడుమ రిలే పెట్టింపవలెను. ఈ పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను.

సంరక్షణ

చార్జి అగునపుడు సీసపు బ్యాటరీనుండి మండెడు వాయువు వెలువడును. గాలి ఆడుచోట నుంచవలెను, దరిని బీడీ వెలిగింపరాదు. తగ్గిన నీటికి డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. విప్పునపుడు మైనస్సు ముందు, బిగించునపుడు మైనస్సు చివర. నిండుగా చార్జి అయి కొన్ని గంటలు విశ్రమించిన బ్యాటరీ 12.6 వోల్టులకు తగ్గరాదు, 12.2 అనగా సుమారు సగము ఖర్చయినదని గ్రహింపవలెను. వాడక మూలనుంచిన బ్యాటరీ తనంతట తానే తరుగును. నెలకొకమారు చార్జి చేయుట విధి.

పాడైన బ్యాటరీని గ్రామములో పగులగొట్టనీయరాదు. అందలి సీసము పిల్లలకు విషము. 2022 సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ననుసరించి దానిని విక్రేతకో, రిజిస్టరైన పునశ్శుద్ధి సంస్థకో అప్పగింపవలెను.

రాబోవు సమావేశమున ఒక సభ్యునికి ఈ బాధ్యత నొప్పగించి, నెలకొకమారు మైకును గంటసేపు నడిపించి, వోల్టులను పుస్తకమున వ్రాయించుడని పంచాయతీలను కోరుచున్నాము. హెచ్చరిక వచ్చిన దినమున బ్యాటరీని పరీక్షించుటకు వ్యవధి యుండదు.