మెకానికల్ వాళ్ల కెమెరా, ఈసీఈ వాళ్ల కెమెరా

మన కాలేజీలో నేను రీలు కెమెరా మెడలో వేసుకుని తిరుగుతుంటే అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. ఒకటి, "ఇంకా రీళ్లు దొరుకుతున్నాయా?" దొరుకుతున్నాయి. కొడాక్, ఇల్ఫోర్డ్ ఇప్పటికీ తయారు చేస్తున్నాయి. కాకపోతే ఖరీదు ఎక్కువ, కడిగించడానికి మళ్లీ ఖర్చు. రెండోది, "కొనాలంటే ఏ కెమెరా కొనాలి?" దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. అందుకే ఈ వ్యాసం.

ఇవాళ రీలు మీద ఫోటోలు తీసేవాళ్లను కదిపితే నాలుగైదు పేర్లే మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. వాటిని నేను మన బ్రాంచీల లెక్కన విడగొట్టుకున్నాను.

మొదటిది పెంటాక్స్ కె1000. 1976 నుంచి 1997 దాకా తయారైంది. ఎన్నో దేశాల్లో ఫోటోగ్రఫీ విద్యార్థులు మొదట పట్టుకున్న కెమెరా ఇదే. ఇది పక్కా మెకానికల్ వాళ్ల కెమెరా. లోపలంతా స్ప్రింగులు, గేర్లే. బ్యాటరీ ఒక్క లైట్ మీటర్ ముల్లు కదలడానికే కావాలి, అది అయిపోయినా షట్టర్ పడుతుంది. మీటర్‌కి ఆన్-ఆఫ్ స్విచ్ లేదు. లెన్స్‌కి మూత పెడితేనే బ్యాటరీ మిగులుతుంది. మూత పెట్టడం మరిచిపోయే నాలాంటి వాళ్లకి ఇదో శిక్ష.

రెండోది కెనాన్ ఏఈ-1. ఇదీ 1976లోనే వచ్చింది. మైక్రోప్రాసెసర్‌తో వచ్చిన తొలి ఎస్సెల్లార్‌గా దీనికి పేరు. ఇది మన ఈసీఈ వాళ్లది అన్నమాట. షట్టర్ వేగం మనం పెడితే లెన్స్ ఎంత తెరుచుకోవాలో కెమెరానే లెక్క కట్టుకుంటుంది. సుఖమే. కానీ బ్యాటరీ అయిపోయిందా, షట్టర్ కూడా పడదు. ఊరు దాటి ట్రిప్పుకి వెళ్తే ఇంకో బ్యాటరీ జేబులో ఉండాల్సిందే.

మూడోది నికాన్ ఎఫ్ఎం2, 1982 నాటిది. మళ్లీ మెకానికలే, కానీ దీని షట్టర్ వేగం సెకనులో 4000వ వంతు దాకా వెళ్తుంది. కె1000ది 1000వ వంతు దగ్గరే ఆగిపోతుంది. ఆ తేడాతో పనేంటి అంటారా? మన ఎండతోనే లెక్క వేద్దాం. మంచి ఎండలో ఎఫ్/16 పెట్టి, రీలు ఐఎస్ఓ ఎంతో షట్టర్‌ని సెకనులో అన్నో వంతుకి పెట్టాలనేది పాత సూత్రం. ఐఎస్ఓ 400 రీలైతే ఎఫ్/16, సెకనులో 500వ వంతు. వేగం రెట్టింపు చేసిన ప్రతిసారీ లెన్స్‌ని ఒక మెట్టు తెరవొచ్చు. కాబట్టి కె1000తో ఎఫ్/11 దగ్గరే ఆగిపోతాం. ఎఫ్ఎం2తో 1000, 2000, 4000 అని ఎక్కుతూ ఎఫ్/5.6 దాకా వస్తాం. అంటే మిట్టమధ్యాహ్నం కూడా మనిషి వెనకున్న గోడని మసకబార్చొచ్చు. 1984లో స్టీవ్ మెక్‌కరీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి ఫోటో ఎఫ్ఎం2తో తీసిందే.

ఫ్లాష్ వాడేవాళ్లకి ఇంకో తేడా. కె1000లో గుడ్డ తెర అడ్డంగా 36 మి.మీ. దూరం పరిగెత్తాలి. ఎఫ్ఎం2లో లోహపు రేకులు నిలువుగా 24 మి.మీ. వెళ్తే చాలు, పైగా అవి చాలా తేలిక. అందుకే కె1000 ఫ్లాష్‌తో 60వ వంతుకి మించి పనిచేయదు, ఎఫ్ఎం2 మొదటి రకమే 200వ వంతు దాకా వెళ్తుంది.

నాలుగోది ఒలింపస్ ఓఎం-1. చిన్నది, ముచ్చటైనది. కానీ దాని మీటర్‌ని 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీకి తగ్గట్టు చేశారు. ఆ బ్యాటరీలు ఇప్పుడు రావడం లేదు. 1.5 వోల్టులది పెడితే మీటర్ తప్పు చెప్తుంది. కొనేముందు దాన్ని సరిచేయించారో లేదో అడగండి. లైకా ఎం6 గురించి మాట్లాడను, దాని ధర మన సెమిస్టర్ ఫీజుతో తేలేది కాదు. కొత్తదే కావాలంటే 2024లో పెంటాక్స్ 17 వచ్చింది. సగం ఫ్రేమ్ కెమెరా కాబట్టి 36 ఫోటోల రీలులో 72 వస్తాయి.

ఇప్పుడు నా కథ. మామయ్య స్టూడియో మూసేశాక బీరువాలో పడున్న పాత మెకానికల్ కెమెరా నాకిచ్చాడు. "ముందు ఒక రీలు పాడు చెయ్యరా, తర్వాతే ముఖ్యమైనవి తియ్యి" అన్నాడు. నేను వినలేదు. మొదటి రీలే మా సీనియర్ల ఫేర్‌వెల్‌కి పెట్టాను. హాస్టల్ మెట్ల మీద, మెస్ ముందు, బస్సెక్కే దాకా తీశాను. 36 అయ్యాయి. లివర్ ఆగాలి కదా, ఆగలేదు. 37, 38... ఇంకా తిరుగుతూనే ఉంది. అప్పుడే కడుపులో ఏదో తిప్పినట్టయింది. వెనక తలుపు తీసి చూస్తే రీలు కొస పళ్లకి పట్టుకోకుండా బయటే ఉంది. ఒక్క ఫ్రేమ్ కూడా కదల్లేదు. కౌంటర్ లెక్కపెట్టేది లివర్ తిప్పడాన్ని, రీలు కదలడాన్ని కాదు. ఆ సంగతి అప్పుడు తెలిసింది.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. "ఫోటోలు ఎప్పుడు తమ్ముడూ?" అని గ్రూపులో మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. చివరికి ఉన్నదున్నట్టు రాసేశాను. ఒక అన్న మాత్రం ఫోన్ చేసి, "పోన్లేరా, నువ్వు పోజు పెట్టించినప్పుడు నవ్వాం కదా" అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

అందుకే ఏ కెమెరా కొన్నా ఇవి మరవకండి:

రీలు ఎక్కించి తలుపు మూశాక, ఎడమవైపు రీవైండ్ నాబ్‌ని మెల్లగా తిప్పి వదులు తీసేయండి. తర్వాత లివర్ లాగినప్పుడల్లా ఆ నాబ్ వెనక్కి తిరగాలి. తిరగకపోతే రీలు కదలట్లేదని అర్థం.

పాత కెమెరా కొనేముందు ఖాళీగా 1 సెకను, 1000వ వంతు రెండింట్లో షట్టర్ కొట్టి, శబ్దంలో తేడా వినండి. లెన్స్‌లోకి టార్చి వేసి చూడండి, సాలెగూడులా కనిపిస్తే అది ఫంగస్. మన కోస్తా తేమకి అది తొందరగా పడుతుంది. వెనక తలుపు అంచుల్లో నల్ల స్పాంజి జిగురుగా ఊడొస్తుంటే వెలుతురు లోపలికి దూరుతుంది, మార్పించాలి.

నా సలహా అడిగితే, నేర్చుకోవడానికి కె1000, ఒక్కటే కొని ఏళ్ల తరబడి వాడాలనుకుంటే ఎఫ్ఎం2. అన్నిటికన్నా ముందు మా మామయ్య మాట: మొదటి రీలు హాస్టల్ కుక్క మీదా, క్యాంటీన్ టీ మీదా ఖర్చు పెట్టండి.

ఆ రీలు పాడవలేదు, వెలుతురు సోకింది కొసకే. తర్వాతి నెల నాబ్ తిరుగుతోందో లేదో చూసుకుంటూ దాన్నే వాడాను. 36లో 31 బాగా వచ్చాయి. మెట్లున్నాయి, మెస్సుంది. సీనియర్లే లేరు.