కాదన్నప్పుడు కారణం అడుగు

సూర్యాపేట

బుజ్జీ,

నీ ఉత్తరం అందింది బిడ్డా. కొత్త ఆఫీసు సంగతి, హాస్టల్ మారిన సంగతి అన్నీ రాసినవు, సంతోషం. కానీ చివర్లో ఒక మాట రాసినవు చూడు, "లాగ్ ఫైలు తెరుచుకోకపోతే ఫోల్డరు మొత్తానికి 777 కొట్టిన, పనైపోయింది మామయ్యా" అని. ఆ మాట దగ్గరనే ఆగిపోయిన. నిద్ర పట్టలేదు. నువ్వు రాత్రి రెండింటిదాకా ఆఫీసులోనే ఉంటున్నవని కోదాడ నుంచి మీ అమ్మ ఫోన్ చేసి బాధపడింది. తిండి, నిద్ర సంగతి తర్వాత అడుగుత. ముందు ఆ 777 సంగతి, అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసిన సంగతి తేలాలె.

సీ ప్రోగ్రాములో ఓపెన్ అని పిలిచినప్పుడు కెర్నెల్ ఫైలు ఇయ్యదల్చుకోకపోతే రెండు పనులు చేస్తది. నీ చేతికి మైనస్ ఒకటి ఇస్తది, ఎందుకు ఇయ్యలేదో ఎర్ర్‌నోలో రాసిపెడ్తది. నువ్వు మొదటిది విని, రెండోది వినకుండనే లేచిపోయినవు. ఎర్ర్‌నోలో 2 ఉంటే ఈనోఎంట్, ఆ దారిలో ఏదో ఒకటి అసలు లేదు. 13 ఉంటే ఈయాక్సెస్, ఉన్నది గాని నీకు అనుమతి లేదు. 1 ఉంటే ఈపెర్మ్, ఆ పని చేసే హక్కే నీకు లేదు. వేరేవాళ్ళ ఫైలుకు నువ్వు సీహెచ్‌మాడ్ చేసి హక్కులు మార్చబోతే వచ్చేది ఇదే. 30 ఉంటే ఆ డిస్కును చదవడానికి మాత్రమే మౌంట్ చేసిన్రు, నువ్వు ఏ మోడ్ కొట్టినా రాయనియ్యదు. ఈ నాలుగింటికి నాలుగు వేరువేరు మందులు. 1979లో వచ్చిన ఏడవ ఎడిషన్ యూనిక్స్‌లో 1, 2, 13 అంకెలకు ఏ అర్థమో ఇయ్యాల నీ లినక్స్‌లోనూ అదే అర్థం. ఇన్నేండ్లు మాట మార్చని అంకెలను నమ్మకపోతే ఎవరిని నమ్ముతం?

13 వచ్చినా తప్పు ఆ ఫైలుదే అనుకోకు. మిల్లు గేటు దగ్గరనే వాచ్‌మన్ ఆపితే గోదాము తాళంచెవి చేతిలో ఉండి ఏం లాభం? దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీకి నీకు ఎక్స్ బిట్, అంటే లోపలికి పోయే హక్కు, ఉండాలె. ఒక్కదానికి లేకున్నా ఫైలు దాకా పోనియ్యదు. ఫైలు ఇంకా పుట్టనే లేదనుకో, కొత్తది పుట్టించాలంటే డైరెక్టరీ మీద రాసే హక్కు కావాలె, అది లేకున్నా 13 ఏ. నేమ్‌ఐ మైనస్ ఎల్ అని కొట్టి దారి మొత్తం ఇయ్యి, పై నుంచి కింది దాకా ఒక్కో మెట్టు యజమాని, గ్రూపు, బిట్లు వరుసగా చూపిస్తది. ఇంకో సంగతి. నువ్వే యజమానివైతే యజమాని బిట్లు మాత్రమే చూస్తది. అవి లేకపోతే గ్రూపుకు ఉన్నా నీకు ఇయ్యదు.

మిర్యాలగూడలో నాకు పని నేర్పిన మా సారు వెంట తిరిగిన రోజులు యాదికొస్తున్నయి. అప్పుడు నాది నీ వయసే. పొద్దుగాల కోదాడలో బస్సెక్కితే హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా పోయేటోళ్ళం. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చిన కాలంలో రోడ్డుకు రెండు దిక్కులా పచ్చగ పొలాలే. మీ అమ్మ కట్టిచ్చిన సద్ది బస్సులోనే తినేసేది. అక్కడ ఒక రైస్ మిల్లులో యూనిక్స్ పెట్టె, దానికి నాలుగు టెర్మినళ్ళు, లెక్కల ప్రోగ్రాం సీలో. లెవీ బియ్యం లెక్కలు అప్పజెప్పాల్సిన వారంలోనే అది ఆగిపోయింది. తెర మీద ఒక్కటే మాట: లెడ్జర్ ఓపెన్ కాలేదు. ఎందుకు కాలేదో లేదు, ఎందుకంటే రాసినాయన ఎర్ర్‌నోను అచ్చు వెయ్యలేదు. మా సారు పోయేసరికే ఎవరో రూట్‌గా లాగినై డైరెక్టరీ మొత్తానికి 777 పెట్టిన్రు. ప్రోగ్రాం నడిచింది. అందరు చాయ్ తాగి ఇండ్లకు పోయిన్రు.

తర్వాత ఒక కొత్త పిల్లగాడు డిస్కులో జాగ కోసం పాత ఫైళ్ళు తీసేసుకుంట ఆ ఏడాది లెడ్జర్‌ను కూడా తీసేసిండు. ఆ ఫైలు అతనిది కాదు. అయినా పోయింది. ఫైలు తీసెయ్యడానికి ఆ ఫైలు మీద హక్కు అక్కర్లేదు బిడ్డా, అది ఉన్న డైరెక్టరీ మీద రాసే హక్కు, లోపలికి పోయే హక్కు ఉంటే చాలు. అందుకే అందరు రాసుకునే టీఎంపీ డైరెక్టరీకి 1777 పెడ్తరు. ముందున్న ఆ 1 స్టికీ బిట్, ఒకరి ఫైలును ఇంకొకరు తీసెయ్యకుండ కాపాడ్తది. మా సారు ప్రోగ్రాములో కారణం అచ్చు వేసే పీఎర్రర్ వరుస ఒకటి చేర్చి, మొదట ఎట్ల ఉండెనో అట్ల బిట్లు పెట్టి నడిపించిన్రు. పర్మిషన్ డినైడ్ అని వచ్చింది. పైనున్న డైరెక్టరీకి గ్రూపు ఎక్స్ బిట్ ఎవరో తీసేసిన్రు, అంతే. ఒక్క బిట్‌తో పోయే పనికి గుమాస్తాలు కాగితం పుస్తకాలు ముందేసుకుని ఏడాది లెక్కలు మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది. ఆ ముసలి గుమాస్తా కండ్లు తుడుచుకునుడు నాకింకా కనబడ్తది.

కోప్పడుతున్న అనుకోకు తల్లీ. ఇంత దూరం ఒక్కదానివే పోయి నీ కాళ్ళ మీద నువ్వు నిలబడ్డవు, మాకెంత గర్వమో నీకు తెల్వదు. అందుకే చెప్తున్న.

నువ్వు పంపిన ప్రోగ్రాము కూడా చూసిన. ఓపెన్‌కు మోడ్ 644 అని రాసినవు. ముందు సున్నా ఏది? సున్నా లేకపోతే అది దశాంశం, అష్టాంశంలో 1204 అయితది. అంటే యజమానికి రాయడం మాత్రమే, గ్రూపుకు ఏమీ లేదు, బయటోళ్ళందరికి చదివే హక్కు. నువ్వు పుట్టించిన ఫైలును నువ్వే చదవలేవు, చదవడానికి మళ్ళీ తెరిస్తే 13. 0644 అని రాయి. ఫైలు పుట్టించేటప్పుడు మోడ్ ఇయ్యడమే మరిస్తే ఇంకా ఘోరం, ఏ చెత్త అంకె పడ్తదో ఎవరికీ తెల్వదు.

ఓపెన్ విఫలం కాంగనే ఎర్ర్‌నోను ఒక వేరియబుల్‌లో దాచుకో. మధ్యలో ప్రింట్‌ఎఫ్ పిలిచినా అది మారిపోవచ్చు. పిలుపు సఫలమైనప్పుడు ఎర్ర్‌నోను చూడకు, పాత అంకె అట్లనే ఉండొచ్చు. ముందు యాక్సెస్ పిలిచి అడిగి, తర్వాత ఓపెన్ చేద్దామనుకోకు. ఆ రెండింటి నడుమ ఫైలు మారిపోవచ్చు. పైగా యాక్సెస్ అసలు యూజర్‌ను చూస్తది, ఓపెన్ ఎఫెక్టివ్ యూజర్‌ను చూస్తది. నేరుగా తెరువు, కాదంటే కారణం చదువు.

మళ్ళీ 777 దగ్గరికే వస్తున్న, విసుక్కోకు. ఇయ్యాల లాగ్ ఫోల్డరుకు కొట్టినవు, రేపు హోమ్ డైరెక్టరీ మొత్తానికి కొడ్తవు. అప్పుడు ఎస్ఎస్‌హెచ్ నీ ప్రైవేట్ కీ అందరికీ తెరిచి ఉన్నదని దాన్ని ముట్టుకోనే ముట్టుకోదు. కారణం అడగకుండ హక్కులు పంచే అలవాటు ఒక్క కంప్యూటరు దగ్గర ఆగదు బిడ్డా. అప్పు కాగితం చదవకుండ సంతకం పెట్టేది, తెల్వనోళ్ళకు ఓటీపీ చెప్పేది ఆ అలవాటే. మన ఇంట్ల ఆ సంతకాలతో ఏం పోగొట్టుకున్నమో నీకు మళ్ళీ చెప్పనక్కర్లేదు.

కాబట్టి ముందు కారణం చదువు, తర్వాత ఇట్ల చెయ్యి. ఆ ఫోల్డరుకు ఒక గ్రూపు పెట్టించు, సర్వీసు నడిచే యూజర్‌ను అందులో చేర్చించు, మోడ్ 2770 పెట్టు. ముందున్న 2 వల్ల లోపల పుట్టే ఫైళ్ళకు కూడా అదే గ్రూపు వస్తది. లోపలున్న పాత ఫైళ్ళకు గ్రూపు మార్చి 0660 పెట్టు. గ్రూపులో చేర్చినంక సర్వీసును ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలె, లేకుంటే పాత గ్రూపులతోనే నడుస్తది.

పెద్దగట్టు జాతరకు సెలవు దొరికితే రా, దురాజ్‌పల్లికి అందరం కలిసి పోదాం. అత్తయ్య సకినాలు పంపుతున్నది, హాస్టల్ పిల్లలకు కూడా పెట్టు. వేళకు తిను. తెల్వనిది మీ టీం లీడ్‌ను అడుగు, సిగ్గుపడకు. ఆ 777 తీసేసి మళ్ళీ నడిపించినప్పుడు 13 వచ్చిందా, 1 వచ్చిందా, ఏ డైరెక్టరీ దగ్గర ఆగిందో నీ జవాబులో రాయి.

నీ మేనమామ